ఎవరూ మిగల్లేదు కదా?

ఇంగ్లీషులో నేను పిల్లలకు నేర్పినవి చాలా ఉన్నాయి గానీ, నాకు నిజంగా ఒంటబట్టింది ఒక్కటే: లేదా, కాదా, రాదా అని అడిగి ఎదుటి మనిషిని హడలగొట్టడం. వ్యాకరణం దాన్ని వ్యతిరేక ప్రశ్న అంటుంది. తయారు చేయడం తేలిక. సహాయక క్రియని వాక్యం మొదటికి లాక్కొచ్చి, దాని తోకకి ‘నాట్’ని కుదించి తగిలించి, ఆ తర్వాత కర్తని నిలబెడితే సరి. డోంట్ యూ నో? డిడింట్ యూ రీడ్? కాంట్ యూ స్పీక్? ఇరవై రెండేళ్ళ ఉద్యోగంలో ఈ మూడింటితోనే తరగతులు నడుపుకొచ్చాను. బెత్తం పట్టకూడదని పైనుంచి ఉత్తర్వులు వచ్చినప్పుడు తోటి టీచర్లు బెంగపెట్టుకున్నారు. నాకు ఆ లోటు తెలియలేదు.

ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. అలాంటి ప్రశ్న ఒకటి గోదావరి ఒడ్డున నా నోట్లోంచి వచ్చి ఏం చేసిందో చెప్పుకోవాలి. రెండేళ్ళు దాటినా ఆ మధ్యాహ్నం తలుచుకుంటే నా అరచేతులు చల్లబడతాయి.

నేను పుట్టి పెరిగింది మండపేటలో. అది రైసు మిల్లుల ఊరు. మాకు ఊక దుమ్ము తెలుసు, లారీల హారన్లు తెలుసు, వరద తెలియదు. చిన్నప్పుడు కాలవలో దిగితే, నీళ్ళు మోకాలు దాటేసరికి మా అమ్మ వీధంతా వినబడేలా కేకలు పెట్టేది. ఆ కేకలు నా ఒంట్లో ఎక్కడో అలాగే ఉండిపోయాయి. బదిలీల్లో రాజోలు అవతల, ఏటిగట్టుని ఆనుకుని ఉన్న ఈ హైస్కూలు నాకు వచ్చినప్పుడు బాత్‌రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను. నలభై ఎనిమిదేళ్ళ మనిషి నీళ్ళంటే భయమని ఎవరికి చెప్పుకుంటుంది? మా ఆయన ఉద్యోగం కాకినాడలో. నేను ఈ ఊళ్ళోనే ఒక పోర్షన్ అద్దెకి తీసుకుని, స్కూటరు మీద బడికి వెళ్ళివచ్చేదాన్ని. గట్టు రోడ్డు మీద వెళ్ళేటప్పుడు గోదావరి వైపు చూడకుండా కొబ్బరితోటల వైపు మొహం తిప్పుకునేదాన్ని. పాపం మేడంగారికి తోటలంటే ఎంత ఇష్టమో అని ఊళ్ళో పేరొచ్చింది.

మా బడికి ఎదురుగా, ఏటి పాయకి అవతల ఒక లంక ఉంది. అరటితోటలు, కూరగాయల మళ్ళు, ఓ డెబ్బై ఎనభై ఇళ్ళు. వేసవిలో అక్కడి పిల్లలు కాజ్‌వే మీద నడిచి బడికి వస్తారు. వానాకాలంలో వరద ఎర్రనీరు దిగి కాజ్‌వే మునిగిందంటే పడవే దిక్కు. ఆ ఏడాది లంక నుంచి పదకొండు మంది వచ్చేవారు. వాళ్ళలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి ఉండేది. మూడో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. తండ్రి భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర కాపలా. తల్లి లంకలోనే అరటితోట పనులకి వెళ్ళేది. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదు. తెలుసుకునే అవకాశం నేనే ఇవ్వలేదు.

ఆ రోజు పొద్దున్నే అందరి ఫోన్లలోనూ ఒకటే వార్త: ధవళేశ్వరం దగ్గర రెండో ప్రమాద హెచ్చరిక. టిఫిన్ అలాగే మూతపెట్టేశాను. బడికి వెళ్ళేసరికి హెడ్మాస్టరుగారు, మధ్యాహ్నం భోజనం పెట్టి లంక పిల్లల్ని పంపేద్దాం అన్నారు. ఆ వారం వాళ్ళని రేవు దాకా దిగబెట్టే వంతు నాది. రేవు అంటే నీళ్ళ దాకా దిగడమే. ఆ భయాన్ని ఎక్కడో ఒకచోట దింపుకోవాలి కదా. మొదటి పీరియడ్ ఎనిమిదో తరగతి దొరికింది.

పాఠం కూడా వ్యతిరేక ప్రశ్నలే. వాటికున్న వాడుకలు బోర్డు మీద రాశాను. ఆశ్చర్యపడటానికి: హావెంట్ యూ సీన్ ద రివర్? మర్యాదగా పిలవడానికి: వోంట్ యూ సిట్ డౌన్? మనం అనుకున్నదాన్నే ఎదుటివాళ్ళ నోటితో అవుననిపించుకోవడానికి: ఇజింట్ ఇట్ రెయినింగ్? కసురుకోవడానికి కూడా వాడతారు, దానికి బోర్డు మీద ఉదాహరణ అక్కర్లేదు, నేనున్నాను. జవాబు మాత్రం సూటిగా ఉండాలని చెప్పాను. అడిగినవాళ్ళు ఎలా అడిగారన్నది మీకు అనవసరం, జరిగిందేదో అది చెప్పండి. చేస్తే ఎస్, చేయకపోతే నో. ఎదుటి మనిషి మొహం చూసి జవాబు చెప్పకూడదు అన్నాను.

చెప్పేవాళ్ళకి చెవులుండాలి. మా జిల్లాలో మొహం చూడకుండా జవాబు చెప్పేవాళ్ళు ఎవరు? పెద్దవాళ్ళు ఏది అడిగినా ముందు ‘ఆయ్’ అంటారు. మీ మాట విన్నాను, మీకు ఎదురు చెప్పే మనిషిని కాను అని దాని అర్థం. నేనూ అలా పెరిగినదాన్నే.

“డిడింట్ యూ డూ యువర్ హోంవర్క్?” అని మూడో బెంచీ వైపు చూసి అడిగాను.

ఆ అమ్మాయి లేచి నిలబడింది. “ఎస్ మేడం,” అంది.

ఆమె ముందు హోంవర్కు పుస్తకమే లేదని నాకు కనిపిస్తూనే ఉంది. “ఎస్సా? ఏదీ, చూపించు. గాలిలో రాశావా?” అన్నాను. పిల్లలు నవ్వారు. “ఇంతసేపు చెప్పినా అర్థం కాలేదా?”

“ఆయ్... అర్థమైందండీ,” అంది నేల చూస్తూ.

అర్థం కాలేదని ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు. కూర్చోమన్నాను. ముందు రోజు వాళ్ళింట్లో నీళ్ళు వస్తాయేమోనని సామాన్లన్నీ అటక మీదికి ఎక్కించారని, ఇంగ్లీషు నోటుపుస్తకం కూడా వాటిలోనే ఉండిపోయిందని తర్వాత తెలిసింది. అడిగి ఉంటే అప్పుడే తెలిసేది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సన్నగా తుంపర మొదలైంది. పదకొండు మందినీ వరసగా నడిపించుకుంటూ గట్టెక్కాను. మా రేవు ఎలా ఉంటుందో చెప్పాలి. గట్టు బాగా ఎత్తు. దిగగానే కొంత పల్లం. పల్లం దాటితే చిన్న దిబ్బ, దాని మీద ఒక రేకుల షెడ్డు, లోపల కూర్చోవడానికి సిమెంటు బల్ల. షెడ్డుకి అవతల పడవ ఆగే చోటు. రేవు డ్యూటీ ఉన్నవాళ్ళు పడవ దాకా దిగి, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచి ఎక్కించాలి. మిగతా టీచర్లందరూ అలాగే చేసేవాళ్ళు.

నేను దిగలేదు. గట్టు మీద గొడుగేసుకుని నిలబడ్డాను. అవతలి గట్టు ఆనవాలు లేదు. రేవు మెట్లు ఎన్నో మునిగిపోయాయి. గుర్రపుడెక్క దుబ్బులు, ఎక్కడివో అరటిబోదెలు, ఒక ప్లాస్టిక్ కుర్చీ, అన్నీ పరుగులు పెట్టి పోతున్నాయి. ఆ నీళ్ళకి చప్పుడు లేదు. చప్పుడుంటే కొంత నయంగా ఉండేది. నా భయం పిల్లలు చూస్తారేమోనని “వెళ్ళండి, వెళ్ళండి, జాగ్రత్త” అంటూ పైనుంచే చేయి ఊపాను.

మొదటి ట్రిప్పులో ఆరుగురు చిన్నపిల్లలు వెళ్ళారు. పడవ తిరిగొచ్చేసరికి అరగంట పట్టింది. ఈలోగా రాజోలు ఆసుపత్రిలో చూపించుకుని వస్తున్న ఒక నిండు గర్భిణి, ఆమె అత్తగారు వచ్చి రేవులోకి దిగారు. రెండో ట్రిప్పులో ఎక్కాల్సింది మిగిలిన అయిదుగురు పిల్లలు, వీళ్ళిద్దరు. నేను అప్పటికే గోదావరికి వీపు పెట్టి, కొబ్బరిచెట్ల వైపు తిరిగి ఉన్నాను. పడవ ఇంజన్ మొదలైన చప్పుడు వినబడింది. కింద నుంచి పడవతను కేకేశాడు.

“మేడంగారూ! పడవ వదిలేయమంటారా అండీ?”

సగం తల తిప్పి, గొడుగు కిందనుంచే అరిచాను. “ఎవరూ మిగల్లేదు కదా?”

“ఆయ్!” అన్నారు కింద నుంచి. నాలుగైదు గొంతులు కలిసి, వానలో, ఒక్కసారే.

అంతే. నా గుండెల మీంచి బండ దిగింది. స్కూటరెక్కి ఇంటికి వచ్చేశాను. తడిసిన చీర మార్చుకున్నాను. అల్లం దంచి టీ పెట్టుకున్నాను. కిటికీ దగ్గర కూర్చుని తాగుతూ, ఈ వారం గండం గడిచింది అనుకున్నాను.

గంటా, గంటన్నర గడిచాక ఫోను మోగింది. తెలియని నంబరు.

“మేడంగారండీ, నమస్కారమండీ. పడుకున్నారేమో, లేపేసేనేమోనండీ.” ఆడగొంతు. నెమ్మదిగా, ఎంతో మొహమాటంగా ఉంది. “నేనండీ, ఎనిమిదో తరగతి పాప తల్లినండీ. లంకనుంచండీ. పాప మీ దగ్గరే ఉంది కదండీ?”

ఏ పాప అన్నాను. చెప్పింది. మూడో బెంచీ.

“కడుపుతో ఉన్నావిడ వచ్చింది కదండీ. పడవలో లైఫ్ జాకెట్లు ఎన్నో మనుషులు అంతేనంట కదండీ. ఒక జాకెట్టు తక్కువైతే మా పాప తనది ఇప్పి ఆవిడకి ఇచ్చేసిందంటండీ. వెనకాల ట్రిప్పులో వస్తానని దిగిపోయిందంటండీ. పిల్లలు వచ్చి చెప్పేరు. ఇక్కడికి రాగానే వీఆర్వోగారు పడవ కట్టేయమన్నారండీ, ఇంక తిప్పొద్దన్నారండీ. మేడంగారు గట్టు మీదే ఉన్నారంట, తీసుకెళ్ళిపోయుంటారులే అని నేను ఊరుకున్నానండీ. ఇబ్బంది పెట్టకూడదని ఇంతసేపూ ఫోన్ చెయ్యలేదండీ.”

ఫోను చెవి దగ్గరే ఉంది. ఒక్క ‘ఆయ్’ అంటే ఆ తల్లి నిశ్చింతగా ఫోను పెట్టేస్తుంది. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వచ్చింది.

“వెళ్తున్నానమ్మా. రేవుకే వెళ్తున్నాను,” అన్నాను.

అవతల గొంతు మారిపోయింది. “అంటే, మీ దగ్గర లేదాండీ?”

జవాబు చెప్పకుండా ఫోను పెట్టేశాను. స్కూటరు తాళం చెవి ఎక్కడ పెట్టానో కనబడలేదు. చేతిలోనే ఉంది.

గట్టు రోడ్డు మీద అంత వేగంగా నేను ఎన్నడూ వెళ్ళలేదు. ఆ దారంతా గోదావరి వైపే చూస్తూ వెళ్ళాను. నీళ్ళలో ఏది కనబడినా తల వెంట్రుకల్లాగే కనబడింది. ఎవరింటికో వెళ్ళి కూర్చుని ఉంటుంది, ఎవరో తీసుకెళ్ళి ఉంటారు, బడి వరండాలో నిలబడి ఉంటుంది అని పైకే మాట్లాడుకుంటూ వెళ్ళాను. మా ఇంటి దేవుడి పేరు కూడా సమయానికి గుర్తు రాలేదు.

గట్టు మీదికి చేరి కిందకి చూశాను. పల్లం లేదు. మధ్యాహ్నం పిల్లలు నడిచి వెళ్ళిన చోట గట్టుకీ దిబ్బకీ మధ్య ఎర్రగా నీళ్ళు పారుతున్నాయి. వరద రేవు వైపు నుంచి రాదని, ముందుగా వెనకనుంచి పల్లంలోకి చేరుతుందని నాకు అప్పుడే తెలిసింది. దిబ్బ కూడా మునిగిపోయింది. రేకుల షెడ్డు ఒక్కటే నీళ్ళ మధ్య నిలబడి ఉంది. అందులో సిమెంటు బల్ల మీద ఆ పిల్ల. స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని, పుస్తకాల సంచిని ఇంకో చేత్తో నెత్తి మీద పెట్టుకుని ఉంది. నీళ్ళు పాదాలు దాటాయి.

బతికే ఉంది. ఆ మాట అనుకోగానే భయం తగ్గాలి. తగ్గలేదు, రెట్టింపయింది. అంతవరకూ ఏం జరిగిందో అన్న భయం. ఇప్పుడు నా కళ్ళ ముందు ఏం జరగబోతోందో అన్న భయం.

“భయపడకు!” అని అరిచాను. భయంతో కీచుమన్న గొంతుతో.

“ఆయ్ అండీ!” అని జవాబొచ్చింది.

చెప్పులు విడిచి గట్టు దిగాను. చీలమండల దాకా వచ్చాయి నీళ్ళు. ఇంకో అడుగు వేశాను. కింద నేల జారుతోంది, నీళ్ళు కాలిని పక్కకి లాగుతున్నాయి. మోకాలి దాకా వచ్చేసరికి నా కాలు ఆగిపోయింది. వెయ్యి అన్నాను. వెయ్యదు. నా కాలు నా మాట వినలేదు. ఆ పిల్ల నన్నే చూస్తోంది. నేను అలాగే, ముందుకీ వెనక్కీ కాకుండా, చీర కుచ్చెళ్ళు రెండు చేతులా పట్టుకుని నిలబడిపోయాను. ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు.

“మేడంగారూ! ఎక్కడికండీ అలాగ!” అని వెనకనుంచి కేక వినబడింది. వరద వస్తోందని గేదెల్ని గట్టు మీదికి తోలుకొచ్చి కట్టేస్తున్న ఒక పెద్దాయన. “ఈతొచ్చాండీ మీకు?”

రాదు అన్నాను.

“మరింకేంటండీ! పైకొచ్చేయండి ముందు. మీరూ కొట్టుకుపోతే నేనెవర్నని ఎతకాలండీ?”

గేదెల పలుపుతాళ్ళు మూడు నాలుగు విప్పి ముడేశాడు. ఒక కొస గట్టు వారనున్న కొబ్బరిచెట్టుకి ఒక చుట్టు తిప్పి నా చేతికిచ్చాడు. వదలకండి, వదులుతూ వదులుతూ పట్టుకోండి అన్నాడు. రెండో కొస నడుముకి కట్టుకుని దిగాడు. నడుం దాకా, గుండెల దాకా. నీళ్ళు తోస్తున్న వైపుకి ఏటవాలుగా నడుస్తూ, దాటుకుంటూ షెడ్డు స్తంభం అందుకున్నాడు. పిల్లకి ఏదో చెప్పాడు. సంచి వదిలెయ్యమంటున్నాడని నాకు అర్థమైంది. ఆమె వదలలేదు. ఆయన విసుక్కుని, సంచితో సహా వీపున వేసుకున్నాడు.

సగం దూరం వచ్చాక పై నుంచి పెద్ద గుర్రపుడెక్క దుబ్బు ఒకటి కొట్టుకొచ్చి వాళ్ళ మీద పడింది. ఇద్దరూ కనబడలేదు. తాడు ఒక్క గుంజు గుంజింది. నా అరచేతుల్లో చర్మం లేచిపోయింది. కళ్ళు మూసుకున్నాను. ఈ రెండు కళ్ళు తెరిస్తే తాడు కొసన ఎవరూ ఉండరు అనుకున్నాను. ఆ పిల్ల తల్లికి ఫోను చేసి ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా ఆలోచించాను. ఆ మాట ఏమిటో మాత్రం ఎవరికీ చెప్పను.

“లాగండి మేడంగారూ! మొద్దులాగ నిలబడ్డారేంటండీ!” అని ఆయన తిట్టాడు. జన్మలో ఎవరి తిట్టూ నాకు అంత తియ్యగా వినబడలేదు. లాగాను.

ఆ సాయంత్రం పిల్లని మా ఇంటికి తీసుకొచ్చాను. నా నైటీ తొడుక్కుని, మంచం అంచున, ఎక్కడా ఆనుకోకుండా కూర్చుంది. తల్లికి ఫోను చేసి ఇచ్చాను. తల్లీకూతుళ్ళు మాట్లాడుకున్నది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. తర్వాత తల్లి నాతో అంది: “మీరు సమయానికి ఎల్లేరు కాబట్టి దక్కిందండీ. మీ దగ్గరుంటే దేవుడి దగ్గరున్నట్టేనండీ.” నేను ఫోను పెట్టేసి బియ్యం కడగడానికి వెళ్ళాను.

వేడిగా అన్నం వండి, ములక్కాడ పులుసు పెట్టి పిలిచాను.

“వద్దండీ. ఆకల్లేదండీ,” అంది.

“రామ్మా, తినవా?” అన్నాను.

“ఆయ్, వద్దండీ. మధ్యాహ్నం తిన్నానండీ.”

“ఒక్క ముద్ద తిను. నా కోసం,” అని మూడోసారి అన్నాక లేచింది. కంచం ముందు కూర్చుని గబగబా, తలెత్తకుండా, రెండుసార్లు వడ్డించుకుని తింది.

ఆమె తింటుండగా అడిగాను. మందలింపు లేకుండా అడగడానికి చాలా కష్టపడ్డాను. “అమ్మా, నేను గట్టు మీంచి అడిగినప్పుడు నువ్వు షెడ్డులోనే ఉన్నావు. నీకు వినబడలేదా?”

“వినబడిందండీ.”

“మరి పలకలేదేం?”

“పలికేనండీ.” ముద్ద చేతిలోనే ఆగిపోయింది. “నేనూ ఆయ్ అన్నానండీ.”

ఆ వానలో కలిసి వినబడ్డ నాలుగైదు గొంతుల్లో ఈ గొంతూ ఉంది. ఆ గొంతు నాకు తెలిసి ఉంటే గుర్తుపట్టేదాన్నేమో.

“ఎందుకమ్మా?”

చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. తర్వాత మెల్లగా అంది: “మీరు మళ్ళీ అడుగుతారు కదా అనుకున్నానండీ.”

ఆమె చెప్పినదాంట్లో వింతేమీ లేదు. మా వైపు ఎవరింటికి వెళ్ళినా భోంచేయరా అంటే ఇప్పుడే తిన్నామండీ అంటాం. రెండోసారి అడిగితే ఎందుకండీ అంటాం. మూడోసారికి గానీ ఆకలి బయటపెట్టం. మొదటి మాటకే అవునంటే కక్కుర్తి, లేదంటే పొగరు. అసలు మాట రెండోదో మూడోదో అయి ఉంటుందని అడిగేవాళ్ళకీ తెలుసు, చెప్పేవాళ్ళకీ తెలుసు. మొదటి మాట మర్యాద కోసం. ఆ పిల్ల తన ప్రాణం విషయంలో కూడా ఆ మర్యాద తప్పలేదు. కంచంలో అన్నం కోసం మూడుసార్లు బతిమాలిన నేను, వరద ఒడ్డున ఒక్కసారి అడిగి ఊరుకున్నాను.

తొందరలో ఉండి ఊరుకున్నానని చెబితే అబద్ధం. రెండోసారి అడిగితే ఎవరో ఒకరు ‘నేనున్నానండీ’ అంటారేమో. అప్పుడు గట్టు దిగాలి. నీళ్ళ దగ్గరికి వెళ్ళాలి. పదకొండు మందిని లెక్కపెట్టడం నాకు రాదా? ఎంతమంది ఎక్కారు అని అడగడం రాదా? నాకు కావలసిన జవాబు లోపల పెట్టి, ఆ జవాబు తప్ప ఇంకోటి చెప్పడానికి వీల్లేకుండా అడిగాను. అది నాకు బాగా వచ్చిన విద్య.

మూడు రోజులు ఆ పిల్ల మా ఇంట్లోనే ఉంది. నాలుగో రోజు నీరు తీసింది, పడవ తిరిగింది. తల్లి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయేమో. నీళ్ళు తగ్గిన తోటలో మిగిలిందేమో, చక్కెరకేళి అరటి అత్తం ఒకటి పట్టుకొచ్చింది. గుమ్మం బయటే చెప్పులు విడిచి, గోడకి ఆనుకుని నిలబడింది. కూతుర్ని ఒకసారి తలనుంచి కాళ్ళ దాకా తడిమి చూసుకుంది.

మూడు రోజులుగా మనసులో రాసి కొట్టేసుకున్న మాటలన్నీ మర్చిపోయి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. నేను రేవులోకి దిగలేదని. పేర్లు పిలవలేదని. నీళ్ళంటే భయమని. లెక్కపెట్టకుండా ఇంటికి వచ్చి టీ తాగుతున్నానని. మీ పిల్లని గట్టెక్కించింది నేను కాదు, ఆ గేదెలాయన అని.

ఆమె విని తలూపింది. “ఫర్వాలేదండీ,” అంది. “పిల్లకేం కాలేదు కదండీ. మీరు మాత్రం కావాలని చేసేరా ఏంటండీ.”

అక్కడితో వదిలేయవచ్చు. ఆమె వదిలేసింది, నేనూ అరటిపండ్లు అందుకుని లోపల పెట్టేసుకోవచ్చు. కానీ అది మొదటి మాట. రెండోసారి అడగాలి. మోకాలి దాకా నీళ్ళలో నిలబడినప్పుడు కూడా అంత భయం వేయలేదు.

“మీకు నా మీద కోపం రాలేదా?” అన్నాను.

“ఆయ్, లేదండీ.”

ఆ ప్రశ్న వేసినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అలా అడిగితే ఆమె ఇంకేం చెబుతుంది? స్టూలు లాగి ఆమెకి వేశాను. కూర్చోదని తెలిసి, నేనే కింద కూర్చున్నాను. అప్పుడు ఆమె కూడా ఎదురుగా గుమ్మంలో కూర్చుంది.

“అమ్మా, నా మీద కోపం ఉందా?”

ఆమె కూతురి జడ చివర రబ్బరుబ్యాండు విప్పి మళ్ళీ బిగించింది. కళ్ళెత్తి నన్ను చూసింది.

“ఉందండీ,” అంది. గొంతులో ఏ హెచ్చూ లేదు. “గంట పైగా అండీ, మా లంక రేవులో కూర్చుని నవ్వుకుంటూ ఉన్నానండీ. ఈ రోజు మా పిల్ల మేడంగారింట్లో ఉంటుంది, టిఫిన్ పెడతారు, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వస్తాయి అని పక్కావిడతో చెప్పుకున్నానండీ. అప్పుడు నా పిల్ల నీళ్ళలో ఉందండీ. అది గుర్తొస్తే నాకు నిద్దర రావట్లేదండీ.”

నేను ఏదో అనబోయాను. ఆమె చేయి ఎత్తింది, ఆపమన్నట్టు కాదు, ఇంకొక్క మాట ఉందన్నట్టు.

“బడి మానిపించనండీ. మానిపిస్తే దాని బతుకూ నాలాగే అయిపోద్ది. పంపిస్తానండీ. కానీ రేవు డ్యూటీ మీదైన వారం మాత్రం, నేనే పడవలో వచ్చి తీసుకెళ్తానండీ. ఏమీ అనుకోకండి.”

“ఆయ్, అలాగేనమ్మా,” అన్నాను.